గదికి అద్దె కట్టాక కారుకీ అద్దెనా?

థీమ్ పార్కుల్లోనే, లేదా వాటిని ఆనుకుని ఉండే రిసార్టు హోటళ్ల గురించి గత సంచికలో రాశాం. రైడ్ల గురించీ టికెట్ల గురించీ అడుగుతారనుకుంటే, ఎక్కువమంది కారు ఎక్కడ పెట్టాలి, దానికెంత కట్టాలి అనే అడిగారు. వాటిలో కొన్ని ఉత్తరాలు, మా జవాబులు.

మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. ఈ వేసవిలో మేమిద్దరం వెళ్తున్నాం. అక్కణ్ణుంచి కారులో ఒర్లాండో వెళ్లి డిస్నీ వాళ్ల హోటల్లో ఐదు రాత్రులు ఉండాలని వాడి ఆలోచన. హోటల్లో కారు పెడితే రాత్రికి ఇరవై డాలర్లు గుంజుతారని మా వియ్యాలవారు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

మీ వియ్యాలవారు చెప్పింది అబద్ధం కాదు, పాత మాట. ఒర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ హోటళ్లలో 2018 మార్చి 21 నుంచి బుక్ చేసుకున్నవాళ్లకు కొత్తగా పార్కింగ్ రుసుము పెట్టారు. వాల్యూ అనే చవక తరగతి హోటళ్లలో రాత్రికి 13 డాలర్లు, మోడరేట్‌లో 19, డీలక్స్‌లో 24. ఆ తర్వాత ఇవి 15, 20, 25 అయ్యాయి. మోడరేట్ హోటల్లో ఐదు రాత్రులంటే 100 డాలర్లు. డాలరుకు 90 రూపాయలు వేసుకున్నా తొమ్మిది వేలవుతుంది. 2023 జనవరిలో ఆ రుసుమును ఎత్తేశారు. ఇప్పుడు ఆ హోటళ్లలో దిగినవాళ్లు తమ కారు తామే పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. తాళాలు వ్యాలే కుర్రాడి (మన కారు తీసుకెళ్లి పెట్టే హోటల్ మనిషి) చేతిలో పెడితే మాత్రం ఛార్జీ ఉంది.

మీవాడు చూసుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. బయటి హోటల్లో దిగి డిస్నీ పార్కుకు కారులో వెళ్తే, పార్కు గేటు దగ్గర మామూలు పార్కింగ్‌కే రోజువారీ రుసుము కట్టాలి, 2024లో అది 30 డాలర్లు. డిస్నీ హోటల్లో ఉన్నవాళ్లకు అది ఉచితం. ఆ లెక్కన నాలుగు రోజులు పార్కులు తిరిగితే అక్కడే 120 డాలర్ల తేడా. ఉదాహరణకి బయటి హోటల్ గది 110 డాలర్లు అని కనిపించిందనుకోండి. దానికి గదితో పాటు కట్టి తీరాల్సిన రిసార్ట్ ఫీజు 35, పార్కింగ్ 20 కలిస్తే 165 అవుతుంది, పార్కు దగ్గరి 30 కలిపితే 195. చవక అనుకున్న గది తడిసి మోపెడయ్యేది ఇలాగే. ఒకవేళ బయటే దిగినా, పార్కు దగ్గరి పార్కింగ్ రసీదు పారేయకండి. అదే రోజు అక్కడి నాలుగు డిస్నీ పార్కుల్లోనూ చెల్లుతుంది. షాపులు, భోజనశాలలు ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌లో సొంతంగా పెట్టుకునే పార్కింగ్ అందరికీ ఉచితమే. ఒక సాయంత్రం అక్కడికి వెళ్తే కారుకు ఖర్చుండదు.

రుసుము పెట్టడమెందుకు, ఐదేళ్లు తిరక్కుండా తీసేయడమెందుకు? వేల డాలర్లు పెట్టి వెళ్లేవాళ్లకు పదమూడు డాలర్లు ఒక లెక్కా?
— ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జనం కోపం పదమూడు డాలర్ల మీద కాదు. అంతకుముందు అది గది అద్దెలోనే కలిసి ఉండేది. అద్దె తగ్గించకుండా పార్కింగ్‌ను మాత్రం విడదీసి అమ్మారు. పెళ్లి భోజనానికి పిలిచి విస్తరికి వేరే డబ్బు అడిగినట్టు.

అందరూ ఒకేలా తిట్టలేదు. విమానంలో దిగి బస్సుల్లో తిరిగేవాళ్లు, కారు లేని మేం ఇన్నాళ్లూ కార్లవాళ్ల పార్కింగ్ ఖర్చు మోస్తున్నాం కదా, ఇదే న్యాయం అన్నారు. పెద్ద నగరాల హోటళ్లలో ఇంతకు రెట్టింపు కడుతున్నాం అన్నవాళ్లూ ఉన్నారు. గట్టిగా దెబ్బ తగిలింది ఫ్లోరిడాలోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ ఉంటూ పిల్లలతో సొంత కారులో వచ్చేవాళ్లకు. పైన ఉత్తరం రాసిన పటమట పాఠకురాలి అబ్బాయిలాంటి వాళ్లకన్నమాట. అట్లాంటా నుంచి దూరం సుమారు 700 కిలోమీటర్లు. కుటుంబమంతా విమానం ఎక్కితే అయ్యే ఖర్చు మిగుల్చుకోవడానికే కారులో వస్తారు. ఆ మిగులులోంచే వీళ్లు వాటా అడిగారు.

నియమాలు కూడా కొంత విడ్డూరంగా ఉండేవి. హోటల్లో రాత్రి భోజనానికి మాత్రమే వచ్చినవాళ్లకు పార్కింగ్ ఉచితం, అక్కడే గది తీసుకున్నవాళ్లకు రుసుము. గుడారాలు వేసుకునే ఫోర్ట్ విల్డర్‌నెస్ స్థలాలకు లేదు. ముందే డబ్బు కట్టి బస పాయింట్లు కొనుక్కున్న డిస్నీ వెకేషన్ క్లబ్ సభ్యులు ఆ పాయింట్లతో ఉంటే లేదు. మినహాయింపులు పెరిగేకొద్దీ, కట్టేవాడికి తానొక్కడే కడుతున్నట్టు అనిపిస్తుంది. దీనికి తోడు, విమానాశ్రయం నుంచి హోటల్‌కు ఉచితంగా తెచ్చే మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ బస్సులు 2022 జనవరితో ఆగిపోయాయి. బస్సు లేదు కదా అని కారు అద్దెకు తీసుకుంటే, ఆ కారు నిలపడానికి మళ్లీ రుసుము. 2022 నవంబరులో బాబ్ ఐగర్ తిరిగి డిస్నీ అధిపతిగా వచ్చారు. రెండు నెలలకే, జనం సణిగే మరికొన్ని విషయాలతో పాటు ఇదీ సవరించారు. గది అద్దెలతో పోల్చుకుంటే వదులుకున్నది చిన్న మొత్తమే, వచ్చిన మంచిపేరు దానికన్నా పెద్దది. ఆపాటి లెక్క వాళ్లకు తెలియదనుకోలేం.

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లోనూ ఉచితమేనా? యూనివర్సల్ సంగతేమిటి?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

రెండుచోట్లా ఉచితం కాదు. 2023 మార్పు ఫ్లోరిడా డిస్నీ హోటళ్లకే. కాలిఫోర్నియా అనాహైమ్‌లో స్థలం ఇరుకు, డిస్నీ హోటళ్లలో రాత్రికి రుసుము ఉంది. ఒర్లాండోలోనే ఉన్న మరో థీమ్ పార్కు సంస్థ యూనివర్సల్ హోటళ్లలోనూ తరగతిని బట్టి వసూలు చేస్తారు. అక్కడ కారు హోటల్లో వదిలేసి వాళ్ల ఉచిత బస్సుల్లోనో పడవల్లోనో పార్కుకు వెళ్లడం పద్ధతి. అందుకే యూనివర్సల్‌కు మాత్రమే వెళ్లేవాళ్లు అన్ని రోజులకూ కారు అద్దెకు తీసుకోవద్దు. కారు అవసరమైన ఒక్క రోజుకే తీసుకుని, అదే సాయంత్రం తిరిగి ఇచ్చేస్తే రాత్రి పార్కింగ్ బెడదే ఉండదు. పారిస్ డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లకు పార్కింగ్ ఉచితం, కాకపోతే మనవాళ్లు అక్కడికి రైల్లోనే వెళ్తారు.

అమెరికాలో ఇప్పుడు మొత్తం ధర ముందే చూపించాలని చట్టం వచ్చిందట. అయినా బుకింగ్ సైట్లో చూపిన ధరలో పార్కింగ్ లేదు. మోసం కాదా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

వ్యాపార మోసాలపై నిఘా ఉంచే అక్కడి కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2025 మే 12 నుంచి అమల్లో ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2024 జులై 1 నుంచే ఇలాంటిది తెచ్చింది. కచ్చితంగా కట్టి తీరాల్సిన రుసుములన్నీ మొదట చూపే ధరలోనే కలపాలని వీటి సారం. రిసార్ట్ ఫీజు ఆ లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే కట్టకుండా గది ఇవ్వరు. పార్కింగ్ కారు తెచ్చినవాళ్లే కట్టేది కాబట్టి ఐచ్ఛికం కింద పోతుంది, మొదటి ధరలో ఉండనక్కర్లేదు. డబ్బు కట్టేముందు ఎంతో, దేనికో చెబితే చాలు. సైట్లో ధర కింద చిన్న అక్షరాలతో ఉండే ‘పాలసీలు’, ‘అదనపు ఛార్జీలు’ అనే భాగం తెరవండి. అక్కడ మూడు సంగతులు వెతకాలి: రుసుము రాత్రికా, మొత్తం బసకా. కారు తీసుకుని బయటికి వెళ్లి మళ్లీ వస్తే ఇంకోసారి కట్టాలా. సొంతంగా పెట్టుకునే చోటు ఉందా, లేక వ్యాలే ఒక్కటేనా. మూడోది చూడకపోతేనే ఎక్కువ దెబ్బ, వ్యాలే ధర తరచూ దాదాపు రెట్టింపు ఉంటుంది, తాళం ఇచ్చినప్పుడల్లా టిప్పు కూడా.

మన దేశంలోనే ఒక థీమ్ పార్కు రిసార్టులో రెండు రాత్రులు ఉన్నాం. బుక్ చేసినప్పుడు చెప్పలేదు. వెళ్లాక కారుకు రాత్రికి 300, దాని మీద జీఎస్టీ అన్నారు. విజయవాడ మాల్స్‌లో ఉచిత పార్కింగ్ నియమం ఇక్కడ వర్తించదా?
— ఒక పాఠకుడు, గురునానక్ కాలనీ, విజయవాడ

వర్తించదు. 2025 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంలో అమలైన నియమం మాల్స్, మల్టీప్లెక్సుల కోసం. మొదటి అరగంట ఉచితం, అరగంట నుంచి గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపితే ఉచితం, గంట దాటితే సినిమా టికెట్ గానీ పార్కింగ్ రుసుముకు మించిన బిల్లు గానీ ఉంటే ఉచితం. తెలంగాణలో 2018 నుంచి ఇలాంటిదే ఉంది. హోటల్లో రాత్రంతా కారు నిలపడం వేరే వ్యవహారం. రుసుము పెట్టుకునే హక్కు హోటల్‌కు ఉంది, దాచిపెట్టే హక్కు లేదు.

మీరు పట్టుకోవాల్సింది ఆ దాచిపెట్టడాన్నే. ఆన్‌లైన్‌లో ధరలో కొంత ముందు చూపి, మిగతాది బుకింగ్ ఖాయమయ్యాక బయటపెట్టడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన పదమూడు డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల్లో, అదొకటి. ముందుగా బుకింగ్ పేజీ, ధృవీకరణ మెయిల్ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. పేజీ రేపు మారిపోవచ్చు, అందుకే ఈ పని మొదట చేయాలి. హోటల్ బిల్లులో పార్కింగ్ వేరే వరుసగా కనబడాలి. ‘ఇతరాలు’ అని కలిపి రాస్తే విడదీసి ఇమ్మని కౌంటర్లోనే అడగండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చాలా వ్యవహారాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రిసార్టు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. ఆరేడు వందల కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఇష్టం.

జీఎస్టీ సరిచూసుకోండి. పార్కింగ్ విడిగా వేస్తే 18 శాతం, అంటే 300కు 54. రెండు రాత్రులకు 708 రూపాయలు. గది రోజుకు 7,500 దాటకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, దాటితే 18 శాతం. ఇక్కడొక తిరకాసుంది. గది 7,400, పార్కింగ్ 200 అనుకోండి. విడిగా వేస్తే పన్ను 370, 36, మొత్తం 406. రెండూ కలిపి గది ధర 7,600 అని వేస్తే మొత్తానికీ 18 శాతం, 1,368. అంటే ‘పార్కింగ్ ఉచితం’ అనే ప్యాకేజీ మీకు 962 రూపాయలు ఎక్కువ పడుతుంది. 7,500కు అటూ ఇటూ ఉండే గదుల విషయంలో ఉచితం అనే మాట చూసి సంబరపడొద్దు.

వ్యాలేకు ఇచ్చిన కారు తలుపు సొట్టపడి వచ్చింది. టోకెన్ మీద ‘యజమాని బాధ్యతపైనే’ అని ఉంది చూసుకోండి అన్నారు. ఇక చేసేదేం లేదా?
— ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

ఆ ఒక్క వాక్యంతో హోటల్ చేతులు దులుపుకోలేదు. 1998లో ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్లో వ్యాలేకు ఇచ్చిన కారు చోరీ అయింది. టోకెన్ మీద ఇలాంటి షరతే ఉంది. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు హోటల్‌దే బాధ్యత అని తేల్చింది. తాళం తీసుకున్నాక కారు హోటల్ సంరక్షణలో ఉన్నట్టే. నష్టం తమ నిర్లక్ష్యం వల్ల కాదని చూపించాల్సింది హోటలే, అంతవరకు షరతు చాటున దాక్కోకూడదు. మీ కారు మీరే పెట్టుకుని తాళం జేబులో వేసుకుంటే ఇదే వాదన ఇంత బలంగా నిలవదు.

సొట్ట విషయంలో అసలు చిక్కు రుజువు. ముందే ఉందంటారు. అందుకే తాళం ఇచ్చేముందు కారు చుట్టూ తిరుగుతూ అరనిమిషం వీడియో తీయండి. నాలుగు తలుపులు, రెండు బంపర్లు, నాలుగు చక్రాల రిమ్ములు, మీటరులో కిలోమీటర్లు పడాలి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే, వెలుతురులో చూసుకోండి. దెబ్బ కనబడితే గేటు దాటకముందే మేనేజరు చేత రాతపూర్వకంగా నమోదు చేయించి, సీసీ కెమెరా రికార్డు భద్రపరచమని మెయిల్ పెట్టండి. ఆ రికార్డులు కొద్దిరోజులకే చెరిగిపోతాయి, ఆలస్యమైతే మిగిలేది మీ మాటే. బీమా క్లెయిము వేస్తే వచ్చే ఏడాది ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోతుంది, కాబట్టి చిన్న సొట్టకు మరమ్మతు అంచనా, బోనస్ నష్టం పక్కపక్కన పెట్టి చూడండి.

ట్రావెల్స్ కారు, డ్రైవరుతో వెళ్తున్నాం. రిసార్టు పార్కింగ్ ఎవరు కట్టాలి? పైన క్యారియర్ కట్టిన ఇన్నోవాను బేస్‌మెంట్‌లోకి రానిస్తారా?
— ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

మన దగ్గర ట్రావెల్స్ వాళ్లు కిలోమీటరు రేటు చెప్పి ‘టోల్, పార్కింగ్, పర్మిట్ అదనం’ అంటారు. అది చెప్పి ఉంటే మీరే కట్టాలి. డ్రైవరు బత్తాలో పార్కింగ్ కలిసి ఉండదు. మొత్తం ప్యాకేజీ మాట్లాడుకుంటే పార్కింగ్ అందులో ఉందని వాట్సాప్‌లో రాయించుకోండి. డ్రైవరుకు పడుకునే చోటు ఉందా అని రిసార్టుకు ముందే ఫోన్ చేయండి. లేకపోతే అతను రాత్రి కారులోనే నడుం వాల్చి, మర్నాడు మిమ్మల్ని అలాగే తీసుకొస్తాడు.

ఇన్నోవా క్రిస్టా ఎత్తు 1,795 మిల్లీమీటర్లు. క్యారియర్, దాని మీద సూట్‌కేసులు కలిస్తే ఇంకో అడుగున్నర, అంటే దాదాపు 2.25 మీటర్లు. బేస్‌మెంట్ ముందు 2.1 మీటర్లని బోర్డు ఉంటే లోపలికి పోదు. దిగే ర్యాంపు మలుపులో పైకప్పు ఇంకా కిందికి ఉన్నట్టుంటుంది, పైపులూ వేలాడుతుంటాయి. సామాను పోర్టికోలోనే దించేయమనండి, కారు పైన ఆరుబయట పెట్టిస్తారు.