నది కలుషితమైతే అందులోని హానికర బ్యాక్టీరియా చస్తుందా, పెరుగుతుందా?

చాలావరకు పెరుగుతుంది, ఎందుకంటే నగరాల్లో నదిలో కలిసే మురుగు రోగకారక క్రిములనూ వాటికి కావాల్సిన తిండినీ కలిపే మోసుకొస్తుంది.

శుభ్రమైన నదిలో పేగుల నుంచి వచ్చిన ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా ఎక్కువ కాలం నిలవవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటిని దెబ్బతీస్తాయి, ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు తినేస్తాయి. నీళ్లు మురికైతే ఎండ లోపలికి దిగదు. మట్టి రేణువులకు అంటుకున్న క్రిములు అడుగు బురదలో వారాల తరబడి బతుకుతాయి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో జులై 30న జరగాల్సిన పురుషుల ట్రయథ్లాన్ (ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన పోటీ) మర్నాటికి వాయిదా పడింది. అంతకుముందు పడ్డ వానలకు, ఈత పోటీ జరగాల్సిన సెన్ నది నీళ్లు ఈతకు పనికిరాకుండా పోయాయి. వాననీరూ మురుగూ ఒకే పైపులో పారే పాత డ్రైనేజీలు జోరువానకు పొంగితే ఆ మురుగంతా నదిలోకే పోతుంది.

ఫ్యాక్టరీ రసాయనాలు కలిస్తే క్రిములు చస్తాయిగా అని చాలామంది అనుకుంటారు. నదిలో పలచబడ్డ మోతాదు సాధారణంగా అందుకు చాలదు. అసలు టెన్షన్ పెట్టే విషయం వేరే ఉంది: రాగి, జింకు లాంటి లోహాలను తట్టుకునే జన్యువులూ, యాంటీబయాటిక్‌లకు లొంగకుండా చేసే జన్యువులూ తరచూ ఒకే ప్లాస్మిడ్‌పై (బ్యాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్క) ఉంటాయి. కాబట్టి లోహాల కాలుష్యం ఒక్కటే ఉన్నా, మందులకు లొంగని రకాలు పెరగొచ్చు.