గుడిసె నాన్న పేరిట ఉండేది, ఫ్లాట్ ఎవరి పేరిట రావాలి?

ప్రశ్న: మాది పాలమూరు. నాన్న 1991లో కూలిపనికి ముంబయి వచ్చి, గుడిసె వేసుకున్నారు. ఇప్పుడు అక్కడ ఎస్‌ఆర్‌ఏ (మురికివాడల పునరావాస సంస్థ) పథకం కింద భవనం పూర్తయింది. అర్హులైన గుడిసెవాసుల జాబితా అయిన అనెక్చర్-2లో నాన్న పేరు ఉంది కానీ, తాళం చెవి చేతికి రాకముందే ఆయన పోయారు. ఫ్లాట్ తన ఒక్కడి పేరిటే రాయించుకుంటానని, పరాయి రాష్ట్రం వాళ్లం ఎక్కువ అడిగితే అసలుకే మోసం వస్తుందని అన్న అంటున్నాడు. ఒక కాగితం మీద నా సంతకం అడుగుతున్నాడు. ఫోటోపాస్‌లో (గుడిసెవాసులకు ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డు) నాన్న పక్కన అమ్మ ఫోటో కూడా ఉంది. అమ్మకు, నాకు, చెల్లికి హక్కు లేదా?

జవాబు: ముందుగా ఆ భయం వదిలేయండి. మహారాష్ట్ర మురికివాడల చట్టం (1971) ప్రకారం అర్హతకు ఆధారం సొంత రాష్ట్రం కాదు, 2000 జనవరి 1 నాటికే ఆ గుడిసెలో నివాసం ఉండటం. ఆ తర్వాత 2011 జనవరి 1లోపు వచ్చినవారికి మాత్రం ఇల్లు ఉచితం కాదు, సొమ్ము చెల్లించాలి. మీ నాన్నగారి అర్హత ఖరారైంది గనుక ఆ చర్చ మీకు అక్కర్లేదు.

ఇక అమ్మగారి సంగతి. పునరావాస నిబంధనలు 300 చదరపు అడుగుల ఆ ఇంటిని గుడిసెవాసికీ, అతని జీవిత భాగస్వామికీ ఉమ్మడిగా చెందేదిగానే చూస్తాయి. ఫోటోపాస్‌లో నాన్నగారి పక్కన అమ్మగారి ఫోటో కూడా ఉందని రాశారు. దాన్ని భద్రంగా ఉంచండి. ఆమె కేవలం వారసురాలు కాదు, తనకంటూ హక్కున్న మనిషి. నాన్నగారి వాటా, వీలునామా లేనట్లయితే, హిందూ వారసత్వ చట్టం (1956) కింద అమ్మగారికీ, చెల్లెలితో సహా పిల్లలందరికీ సమానంగా వస్తుంది.

అన్నగారు మీ చేత సంతకం పెట్టించుకోవాలనుకునేది బహుశా నిరభ్యంతర పత్రం మీదే. అందులో 'హక్కు వదులుకుంటున్నాను' అన్న మాట ఉంటే సంతకం చేయకండి. రికార్డులో అమ్మగారి పేరు చేర్చడానికి అభ్యంతరం లేదనీ, మా వాటాలు అలాగే ఉంటాయనీ రాసి, అనెక్చర్ తయారుచేసిన అధికారికి మరణ ధ్రువపత్రంతో కలిపి ఇవ్వండి. భవనంలోని నివాసుల సొసైటీకి ఒక నకలు ఇచ్చి, రసీదు తీసుకోండి. అధికారి వారసత్వ ధ్రువపత్రం అడిగితే, 1827 నాటి బొంబాయి రెగ్యులేషన్ కింద కోర్టు నుంచి తెచ్చుకోవచ్చు.

మనవాళ్లు తరచూ చిక్కుకునేది పేరు దగ్గర. మరాఠీ కాగితాల్లో ఇంటిపేరు చివర, మధ్యలో తండ్రి పేరు రాస్తారు; ఊళ్లో తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఇంటిపేరే ముందు ఉంటుంది. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాయించి, దరఖాస్తుతోపాటే జతచేయండి.