రీసైక్లింగ్ శాతం ఒక్కటే కొలమానమా?

ప్రశ్న: వాడిన వస్తువులను, పదార్థాలను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకలోకి తెచ్చే వర్తుల ఆర్థిక వ్యవస్థకు మళ్లేందుకు పలు దేశాలు జాతీయ లక్ష్యాలు ప్రకటిస్తున్నాయి. వ్యర్థాల రీసైక్లింగ్ శాతాన్ని ఏటా పెంచుకుంటూ పోతే సరిపోదా?

జవాబు: సరిపోదు. చెత్తగా మారినదానిలో ఎంత భాగం తిరిగి వాడుకలోకి వచ్చిందో ఆ శాతం చెబుతుందే తప్ప, భూమి నుంచి కొత్తగా ఎంత తవ్వుతున్నామో చెప్పదు. వినియోగం అంతకంటే వేగంగా పెరిగితే, రీసైక్లింగ్ మెరుగుపడుతున్న దేశంలోనే తవ్వకాలూ పెరగవచ్చు. పైగా వాడిన పదార్థమంతా చెత్తకుప్పకు చేరదు. మండించిన బొగ్గు, చమురు తిరిగిరావు. భవనాల్లో, వంతెనల్లో చేరిన ఉక్కు, సిమెంటు దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోతాయి. కాబట్టి మొత్తం వాడకానికే హద్దు పెట్టే లక్ష్యం ముందుండాలని, రీసైక్లింగ్ లక్ష్యం దాని తరువాత రావాలని నా అభిప్రాయం.

జపాన్ 2003లోనే ఈ సంగతి గుర్తించి, వనరుల ఉత్పాదకత (వాడిన ప్రతి టన్ను వనరుకు వచ్చే ఆర్థిక విలువ), పునర్వినియోగ శాతం, చివరకు పూడ్చిపెట్టే వ్యర్థాల పరిమాణం అనే మూడింటికీ కలిపి లక్ష్యాలు పెట్టుకుంది. నెదర్లాండ్స్ 2016లో మరింత సాహసించి, ఖనిజాలు, లోహాలు, శిలాజ ఇంధనాల కొత్త వాడకాన్ని 2030 నాటికి సగానికి తగ్గిస్తామని, 2050 నాటికి పూర్తిగా వర్తుల వ్యవస్థకు మారతామని ప్రకటించింది. అయితే ప్రస్తుత చర్యలతో 2030 లక్ష్యం అందదని ఆ దేశపు పర్యావరణ అంచనా సంస్థే హెచ్చరించింది. ప్రకటన వెంట పన్నులు, ప్రమాణాలు, ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనలు రాకపోతే ఎంత పెద్ద సంఖ్యయినా కాగితం దాటదు.

లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది కూడా చూడాలి. 2035లో ప్రాథమిక ముడిపదార్థాల (ప్రకృతి నుంచి కొత్తగా తీసినవాటి) దేశీయ వినియోగం 2015 స్థాయిని మించకూడదన్నది ఫిన్లాండ్ లక్ష్యం. ఎగుమతి సరుకుల తయారీకి వాడిన వనరులు ఇందులోకి రావు. కొనుక్కున్న దేశం కూడా దిగుమతుల వెనుక ఉన్న తవ్వకాన్ని లెక్కించకపోతే, ఆ భారం ఎవరి ఖాతాలోనూ పడదు.

ప్రశ్న: టన్నుల్లో లక్ష్యం పెడితే కంకరను, లిథియాన్ని ఒకే తక్కెడలో తూచినట్టు కాదా?

జవాబు: అవుతుంది. ఇసుక, కంకరల బరువు ముందు అరుదైన లోహాలు లెక్కకు ఆనవు, కానీ వాటి తవ్వకం, శుద్ధి వల్ల జరిగే హాని బరువుతో పోలిస్తే చాలా ఎక్కువ. అందుచేత మొత్తం హద్దుతో పాటు కీలక పదార్థాలకు విడివిడి లక్ష్యాలు అవసరం. వాడేసిన బ్యాటరీల నుంచి 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80 శాతం లిథియాన్ని రాబట్టాలని ఐరోపా సమాఖ్య 2023 నాటి నిబంధనల్లో నిర్దేశించింది. కోబాల్ట్, నికెల్, రాగి, సీసాలలో ఒక్కోదానికీ లక్ష్యం 2027 చివరికి 90 శాతం, 2031 చివరికి 95 శాతం.