పెద్దలతో, పిల్లలతో ప్రశాంతమైన కరీబియన్ దీవికి వెళ్ళాలంటే సేబా బాగుంటుంది

రిసార్టుల హడావుడి లేని చిన్న కరీబియన్ దీవి ఏదైనా ఉందా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ పదేళ్ళ పాపనూ వెంట తీసుకుని అమెరికా నుంచి అక్కడికి వెళ్ళవచ్చా అని మీరు అడిగారు. మేము మా అత్తగారితో కలిసి సేబాకు వెళ్ళి వచ్చాం కాబట్టి ఆ దీవి గురించే చెబుతాను. వెళ్ళవచ్చు. అయితే ఇసుక తీరం కోసమైతే మాత్రం వద్దు. వెల్స్ బే దగ్గర ఏడాదిలో కొన్ని నెలలు ఇసుక మేట వేసి, మళ్ళీ అలలకు కొట్టుకుపోతుంది. మిగిలిన ఒడ్డంతా దాదాపు నిట్టనిలువు కొండ చరియలే.

సేబా విస్తీర్ణం 13 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు రెండు వేలు. సముద్రంలోంచి పైకి లేచిన అగ్నిపర్వతమే ఈ దీవి. 2010 నుంచి ఇది నెదర్లాండ్స్‌లో ఒక ప్రత్యేక మునిసిపాలిటీగా ఉంది. చెల్లేది అమెరికన్ డాలరు, అందరూ మాట్లాడేది ఇంగ్లీషు. పెద్ద క్రూయిజ్ నౌకలు ఆగడానికి రేవు లేకపోవడం, పెద్ద విమానాలు దిగడానికి చోటు లేకపోవడం వల్లనే ఈ దీవి ఇంత ప్రశాంతంగా మిగిలిందని నా నమ్మకం. 1963లో ప్రారంభమైన విమానాశ్రయంలో రన్‌వే పొడవు 400 మీటర్లే. దగ్గర్లోని సింట్ మార్టెన్ దీవి నుంచి చిన్న ట్విన్ ఆటర్ విమానంలో పావుగంట లోపే చేరుకోవచ్చు. కొండను ఆనుకుని వచ్చి దిగే ఆ విమానమంటే మీ పెద్దలకు భయమైతే పడవ కూడా ఉంది కానీ, సముద్రం పోటు మీద ఉన్న రోజున పడవ ప్రయాణమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

రేవు నుంచి ఊళ్ళను కలుపుతూ మెలికలు తిరిగే రోడ్డు మీద వెళ్ళేటప్పుడు దాని చరిత్ర పాపకు తప్పక చెప్పండి. ఈ కొండల మీద రోడ్డు వేయడం అసాధ్యమని డచ్ ఇంజనీర్లు తేల్చి చెప్పిన తరువాత, జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే స్థానికుడు తపాలా ద్వారా ఇంజనీరింగు పాఠాలు నేర్చుకుని, 1938లో ఊరివాళ్ళతో పని మొదలుపెట్టి, వాళ్ళ చేతి కష్టంతోనే ఆ రోడ్డు వేయించాడు. అంతకు ముందు దీవికి వచ్చే సామానులో చాలా భాగాన్ని ల్యాడర్ బే అనే ఒడ్డు దగ్గర పడవల నుంచి దించుకుని, రాతిలో చెక్కిన దాదాపు 800 మెట్ల మీదుగా తలల మీద మోసుకుని పైకి తెచ్చుకునేవారు.

మా అత్తగారికి ఆ దీవితో బంధం కలిపింది లేసు. ఆవిడ నరసాపురం దగ్గరి పల్లెలో పుట్టి, చిన్ననాటి నుంచీ క్రోషే సూదితో లేసు అల్లిన మనిషి. సేబా మగవాళ్ళు ఓడల మీద పనికి వెళ్ళిన కాలంలో, వెనిజువెలా కాన్వెంటులో ఒక సేబా యువతి నేర్చుకుని వచ్చిన పనితనంతో ఆడవాళ్ళు లేసు చేసి, తపాలాలో అమెరికాకు అమ్మి ఇళ్ళు నడుపుకున్నారు. నరసాపురంలో దారంతో లేసును అల్లుతారు, ఇక్కడ నార గుడ్డలోంచి పోగులు లాగేసి, మిగిలిన పోగులను ముడులుగా కడతారు. విండ్‌వార్డ్‌సైడ్ అనే ఊళ్ళో ఒక పెద్దావిడ కుట్టు పని చూపిస్తుంటే, మా అత్తగారు తన సంచిలోని అల్లిక తీసి చూపించారు. వాళ్ళిద్దరికీ మధ్య మా అనువాదం అవసరమే రాలేదు. మీ అమ్మగారికి చేతిపని ఇష్టమైతే ఒక పూట దీనికే కేటాయించండి.

మౌంట్ సీనరీ శిఖరం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది. నెదర్లాండ్స్ రాజ్యమంతటిలోనూ అదే ఎత్తైన చోటు. పైకి 1,064 మెట్లున్నాయి. పైభాగమంతా మబ్బులో తడిసే అడవి కావడంతో చెట్లలా పెరిగే ఫెర్నులు, నాచు పట్టిన కొమ్మలు, పాకుడు పట్టిన రాళ్ళు కనిపిస్తాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆ మెట్లు ఎక్కకపోవడమే మంచిది, పాప అయితే గట్టి బూట్లు వేసుకుని పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని ఎక్కగలదు. పొద్దున్నే వెళ్ళడానికి సింట్ మార్టెన్ నుంచి ఒక్క పూటకు వచ్చేవాళ్ళకు వీలుండదు కాబట్టి, కనీసం కొన్ని రాత్రులైనా అక్కడే బస చేయండి.

మీరు శాకాహారులైతే వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి. కూరగాయల్లో చాలా భాగం ఓడల మీద రావలసిందే, కాబట్టి అడిగినవన్నీ దొరకవు. పప్పు, బియ్యం, పోపు సామాను వెంట ఉంటే మనసు కుదుటపడుతుంది, కాకపోతే చిన్న విమానంలో సామాను బరువుకు పరిమితి ఉంటుంది. ఇళ్ళలో వాడేది ఎక్కువగా తొట్లలో పట్టుకున్న వాన నీరే కావడంతో కుళాయిని వృథాగా వదలవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. జూన్ నుంచి నవంబరు వరకు తుఫానుల కాలం, దాన్ని తప్పించుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్న మీ అమ్మానాన్నలకు సింట్ మార్టెన్, సేబా రెండింటి వీసా నియమాలనూ టికెట్లు కొనక ముందే డచ్ ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోండి. షెంగెన్ వీసా యూరప్ కోసం ఇచ్చేది, ఈ దీవుల నియమాలు వేరు.