న్యాయ వాణిజ్యం సుస్థిరాభివృద్ధికి ఎలా తోడ్పడుతుంది?

అనంతపురంలో వ్యాపారి దగ్గర అప్పు చేసి వేరుశనగ విత్తిన రైతు, పంట చేతికి రాకముందే దాని ధర మీద హక్కు వదులుకుంటాడు. కాయలు ఆ వ్యాపారికే అమ్మాలి. కాటా దగ్గర తేమ పేరిట, మట్టి పేరిట తరుగు తీసినా నోరెత్తలేడు. న్యాయ వాణిజ్యం, అంటే రైతుకు న్యాయమైన ధర, షరతులు ఇచ్చి కొనే పద్ధతి, విప్పాలని చూసేది ఈ ముడినే.

అలా కొన్న సరుకుకు ముద్ర వేసే ఫెయిర్‌ట్రేడ్ విధానంలో చాలా పంటలకు కనీస ధర ఉంటుంది. మార్కెట్ పడిపోయినా కొనేవారు ఆ ధర ఇవ్వాలి, పెరిగితే మార్కెట్ ధరే ఇవ్వాలి. రైతులు అడిగితే చాలా పంటలకు కొంత సొమ్ము ముందుగానే ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. ధరకు అదనంగా రైతుల సంఘానికి ప్రీమియం అనే సొమ్ము అందుతుంది. ఆ సొమ్ముతో గోదాము కట్టాలా, చెరువు పూడిక తీయాలా అన్నది సభ్యులే ఓటు వేసి తేల్చుకుంటారు. నా దృష్టిలో ధరకన్నా ఈ ఓటే గొప్పది.

బాలకార్మికులు, ప్రమాదకరమైన పురుగుమందులు ఇందులో నిషిద్ధం.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏటా ఒకే పంట వేస్తే నేల చచ్చిపోతుంది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఏర్పడిన ధరణి సహకార సంఘం రైతులు రసాయనాలు లేకుండా వేరుశనగతోపాటు కొర్రలు, సామలు పండిస్తారు. పంటను సంఘమే కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. ముద్ర ఏదైనా, సూత్రం ఇదే.

అయితే న్యాయమైన ధరకు కొనేవారు దొరికినంత మేరకే ఈ మేలు. మిగిలిన పంట మళ్లీ మామూలు మార్కెట్‌కే వెళ్తుంది.