చిట్టీ, ముందు నల్ సంగతి తేల్చుకో

చిరంజీవి చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "పిల్ల పోస్ట్‌గ్రెస్‌కి ఏదో ప్యాచ్ రాస్తోందట అక్కా, రెండింటిదాకా లైటు ఆర్పడం లేదు" అంది. ఏం ప్యాచ్, అంటే కోడ్‌లో ఏం మార్పు అని గుచ్చి గుచ్చి అడిగితే 'వేరియాడిక్' అన్న మాట బయటికొచ్చింది. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టిన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. దాని లోపల మా ఇంటి పిల్ల చెయ్యి పెడుతోందంటే గుండె నిండిపోయింది. టెన్షన్ కూడా పట్టుకుంది.

నాకు అర్థమైనంతవరకూ నీ ఆలోచన ఇది: ఫంక్షన్‌కి పంపే విలువలు, అంటే ఆర్గ్యుమెంట్లు, ఎన్నయినా తీసుకోవడం వేరియాడిక్. అవి ఏ టైపువైనా తీసుకునే వేరియాడిక్ 'ఎనీ' ఇవాళ సీ భాషలో రాసిన ఫంక్షన్లకే దక్కుతోంది. ఫార్మాట్, కాన్‌క్యాట్ లాంటివన్నమాట. దాన్ని డేటాబేస్ లోపలే ఫంక్షన్లు రాసుకునే పీఎల్ భాషలకి, అంటే పీఎల్/పైథాన్‌కీ, పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌కీ తేవాలని. మంచి పని, చెయ్యి.

డిజైన్ ముందు కాగితం మీద పెట్టు. టెస్టులూ డాక్యుమెంటేషనూ ప్యాచ్‌తో పాటే ఉండాలి. కమిట్‌ఫెస్ట్‌లో, అంటే అందరి ప్యాచ్‌లూ పరిశీలనకి వచ్చే చోట, నీ ప్యాచ్ పెడితే ఇంకొకరిది ఒకటి రివ్యూ చెయ్యి, అది అక్కడి మర్యాద. పైథాన్‌తో మొదలుపెట్టు, దానికి టైపుల పట్టింపు తక్కువ. పీజీఎస్‌క్యూఎల్ అలా కాదు. పాలిమార్ఫిక్ ఫంక్షన్‌ని, అంటే రకరకాల టైపులకి పనిచేసేదాన్ని, ఒక్కో టైపుల కలయికకీ విడిగా కంపైల్ చేసి దాచుకుంటుంది. 'ఎనీ'ని కూడా అదే దారిలో పెడితే ఒక్క సెషన్‌లో అలాంటివి ఎన్ని పేరుకుంటాయో ముందే లెక్క వేసుకో.

ఇవి నీకూ తెలుసు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

2009లో పోస్ట్‌గ్రెస్ 8.4 వెర్షన్ వచ్చింది, వేరియాడిక్ దాంతోనే వచ్చింది. అప్పుడు నేను ఒక కాలేజీ ఫీజుల సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. ట్యూషన్, హాస్టల్, బస్సు, మూడూ కలిపి రసీదు మీద మొత్తం వేసే ఫంక్షన్ ఒకటి ఉండేది. దానికి స్ట్రిక్ట్ అని పెట్టాను. నల్ అంటే విలువే లేని ఖాళీ. స్ట్రిక్ట్ పెడితే ఏ ఒక్కటి నల్ అయినా జవాబు నల్. బస్సు ఫీజు ఎక్కించడం మర్చిపోతే రసీదులో మొత్తం దగ్గర ఖాళీ వచ్చేది. కౌంటర్‌లో గుమాస్తా ఆ ఖాళీ చూసి ఆగేవాడు, లోపలికి వచ్చి అడిగి, అంకె వేయించుకుని వెళ్ళేవాడు. ఆ ఖాళీయే మాకు కాపలా అని అప్పుడు నాకు తెలీదు.

తర్వాత పరీక్ష ఫీజు వచ్చింది, లైబ్రరీ ఫీజు వచ్చింది. నాలుగింటికొక ఫంక్షన్, అయిదింటికొకటి. విసుగెత్తి అన్నీ తీసేసి ఒక్క వేరియాడిక్ ఫంక్షన్ రాశాను. లోపల అన్‌నెస్ట్‌తో విలువలని విప్పి సమ్‌తో కూడడం, అంతే. ఒకే ఒక్క లైను! స్ట్రిక్ట్ అన్న మాట మాత్రం అలాగే ఉంచాను. అది ఉంది కదా అన్న ధైర్యంతో నల్ పెట్టి ఒక్క టెస్టు కూడా చెయ్యలేదు.

ఏమైందో నువ్వు ఈపాటికి పట్టేసి ఉంటావు. పంపినవన్నీ ఒక అరేలోకి, అంటే ఒకే విలువల వరసలోకి, వెళ్ళిపోయాయి. స్ట్రిక్ట్ చూసేది ఆ అరేని. అరే నల్ కాదు, కాబట్టి వదిలేసింది. లోపల నల్ ఉంటే సమ్ దాన్ని దాటేసి మిగతావి కూడి పెట్టింది. ఎర్రర్ లేదు, ఖాళీ లేదు. తక్కువ మొత్తం, శుభ్రంగా అచ్చయి వచ్చింది.

హాల్ టికెట్ల సమయానికి బాకీల జాబితా తీశారు. ఒక తండ్రి వచ్చాడు. ప్లాస్టిక్ కవర్‌లోంచి నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసి నా టేబుల్ మీద పరిచాడు. "ఇందులో ఎంతుంటే అంత కట్టానమ్మా. వడ్డీకి తెచ్చి కట్టాను. ఇప్పుడు ఇంకా ఉందంటే ఎట్లా?" అన్నాడు. బస్సు ఫీజు గడిలో ఏమీ లేదు. కింద మొత్తం మాత్రం నిండుగా ఉంది. ఆయన వేలు ఆ మొత్తం మీదే ఉంది. మడత పడ్డ చోట కాగితం అప్పటికే చిరగబోతోంది.

ఆ రాత్రి వెతికితే అలాంటి రసీదులు రెండు పేజీల జాబితా తేలింది.

అందుకే అడుగుతున్నాను, నీ ప్యాచ్‌లో నల్ సంగతి ఏం చేశావు? 'ఎనీ'లో ఆర్గ్యుమెంట్లు అరేలోకి వెళ్ళవు, విడివిడిగానే వస్తాయి. కాబట్టి అక్కడ స్ట్రిక్ట్ ప్రతి నల్‌నీ పట్టుకుంటుంది. అదే ఫంక్షన్‌ని ఎవరైనా వేరియాడిక్ అన్న మాట పెట్టి అరేతో పిలిస్తే అరే మొత్తం ఒక్క ఆర్గ్యుమెంట్‌గా వస్తుంది, లోపలి నల్‌లు కనపడవు. అవే విలువలు, రెండు జవాబులు. పీఎల్‌లో రాసుకునేవాళ్ళకి ఈ తేడా తెలీదమ్మా, నాకే తెలియలేదు. 9.6లో వచ్చిన, నల్‌లు లెక్కపెట్టే నమ్-నల్స్ ఫంక్షన్ సోర్స్ తెరిచి చూడు, రెండు రకాల పిలుపులనీ విడదీసి చూసుకుంటుంది. కాన్‌క్యాట్ 9.1లో వచ్చింది, అలా ఇచ్చిన అరేని సరిగ్గా విప్పడం 9.3లో గానీ కుదరలేదు. అంత అనుభవం ఉన్నవాళ్ళకే అంత కాలం పట్టింది, నువ్వు తొందరపడకు.

ఖాళీ అరే గురించి నాకంత భయం లేదు. దానికి అరే-లెంగ్త్ సున్నా ఇవ్వదు, నల్ ఇస్తుంది. దాంతో ఫర్ లూప్ నడిపితే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. ఆగితే ఎవరో ఒకరు చూస్తారు.

చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేదానివి. తొమ్మిది ఏడ్ల దగ్గర గుర్తు రాకపోతే తొమ్మిది ఎనిమిదులకి గెంతేసేదానివి. నేను నీ బుగ్గ పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేదాన్ని. ఏడుపు మొహం పెట్టి, మళ్ళీ మొదటినుంచి చెప్పేదానివి. ఆ పట్టుదల నీకు ఇంకా ఉంది, నాకు తెలుసు.

రాత్రి పదకొండుకల్లా పడుకో. కళ్ళు పాడుచేసుకుంటే ఊరుకోను. మీ అమ్మ వచ్చే వారం వస్తోంది, సున్నుండలు ఇచ్చి పంపుతాను. కోడ్ సంగతి తర్వాత, నల్ టెస్టుల ఫైలు ముందు నాకు పంపు. ఆదివారం పొద్దున్నే కూర్చుని చదువుతాను.

మీ పెద్దమ్మ