పంపు నడిస్తేనే కొలను నీరు తగ్గుతోందా? సెలయేటి గట్టు చూడండి

పంపు నడిచిన రోజునే మీ పెరటి కొలనులో 2 అంగుళాల నీరు తగ్గుతోందంటే, లోపం కొలను అడుగున కాక, పంపు నీటిని పారించే సెలయేటి గట్టు మట్టి కుంగి, లైనర్ (నీరు ఇంకకుండా పరిచే షీటు) అంచు కిందికి జారిన చోట ఉండే అవకాశమే ఎక్కువ. కొత్త లైనర్ కొనడానికి దయచేసి తొందరపడకండి.

1. చేపలుంటే గాలి అందే ఏర్పాటు చేసి పంపును ఆపండి. సెలయేటి నీరంతా కొలనులోకి దిగాక మట్టాన్ని గుర్తించి, 24 గంటల తరువాత చూడండి. మట్టం దాదాపు అక్కడే ఉంటే కొలను బాగున్నట్లే.

2. చాలామంది వదిలేసే పని ఇది: పంపు నడుస్తుండగా గట్టు రాళ్లను ఒక్కొక్కటిగా తీసి, వాటి వెనుక మట్టి తడిగా ఉందేమో చేతితో తాకి చూడాలి. రాళ్లు అంచును కప్పేస్తాయి కనుక పైనుంచి ఏమీ తెలియదు. జలపాతం పక్కన, మలుపుల వద్ద మరింత శ్రద్ధగా వెతకండి.

3. తడి ఉన్నచోట లైనర్‌ను ఎత్తి, దాని కింద మట్టి నింపి దిమ్మిస కొట్టి, అంచు పారే నీటికంటే కనీసం 4 అంగుళాలు ఎత్తున నిలిచేలా చేసి రాళ్లను తిరిగి పేర్చండి.